పగడానికి ఎనిమిది ఫైళ్లు

వెలుతురు ప్రమాదకరమైన పదార్థం. దాన్ని ఎవరి మీదా ఒక్కసారిగా పడనివ్వకూడదు. కొలత వేసి, నకలు తీసి, సంతకం పెట్టి, దశలవారీగా విడుదల చెయ్యాలి. ఈ సత్యాన్ని లోకంలో రెండే రెండు జీవులు పూర్తిగా గ్రహించాయి. ఒకటి సముద్రపు పగడం, రెండోది ప్రభుత్వ కార్యాలయం. (మూడో జీవి కూడా ఉందని ఎవరో వాదించారు గానీ, ఆ వాదన తాలూకు కాగితం ఇంకా పై అంతస్తులోనే ఉంది.)

ఈ రెండు జీవులూ ఒకే కప్పు కింద కాపురం చేసిన చోటు ప్రజాసేవల భవనం కింది అంతస్తులోని నిరీక్షణ మందిరం. అందులో నూట నలభై కుర్చీలు, వాటిలో నూట ముప్ఫై ఆరింటికి నాలుగేసి కాళ్లు, టోకెన్ నంబర్లు చూపించే ఒక బోర్డు, దానికి ఎదురుగా గోడ పొడవునా ఒక గాజు తొట్టె ఉంటాయి. వంతు కోసం ఎదురుచూసి ఎదురుచూసి జనం అరవకుండా ఉండాలని, వాళ్ల మనశ్శాంతి నిమిత్తం పదకొండేళ్ల క్రితం ఆ తొట్టె పెట్టించారు. సర్వరు బాగుచేయించడం కంటే తొట్టె పెట్టించడం తేలికని అప్పటి కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది.

ఆ తొట్టెను చూసుకునే ఉద్యోగినిని అందరూ చేపలావిడ అంటారు. తొట్టెలో చేప అన్నది మచ్చుకైనా లేదు. ఉన్నవల్లా నాలుగు పగడాలు. నగల్లో పొదిగేవి కావు, ప్రాణమున్నవి. చూడటానికి రాళ్లలా ఉంటాయి గానీ వాటికీ ఆకలి, అలసట, అలక అన్నీ ఉన్నాయి. మొదట్లో ఆవిడ తన హోదాను సరిదిద్దేది. జీతం చీటీ మీద కూడా చేపలావిడ అనే పడ్డాక మానేసింది.

నాలుగింటిలో పెద్దదానికి ఆవిడ పెట్టుకున్న పేరు పెద్దమ్మాయి. ఉద్యోగంలో చేరిన వారంలో బొటనవేలి గోరంత ముక్కను తన చేత్తో రాతికి అంటించింది. ఇప్పుడది అన్నం తినే కంచమంత అయింది. గోధుమరంగు ఒళ్లు, దాని మీద ఆకుపచ్చ చుక్కలు, మధ్యాహ్నం అయ్యేసరికి వేలకొద్దీ చిన్న చిన్న వేళ్లు చాపి నీళ్లలో ఊపుతూ ఉంటుంది. ఆవిడకు పెద్దమ్మాయంటే ప్రాణం. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ ఏదో ఒక ఫారం ఉంటుందని ఆవిడ భయం.

ఒక సోమవారం తొట్టె మీది పాత ట్యూబులైట్లు పూర్తిగా చేతులెత్తేశాయి. కొత్త ఎల్.ఇ.డి. దీపాలు పట్టుకుని ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కాడు.

"పాతవాటికి మూడింతలు వెలుగక్కా. రేపట్నుంచి మీ తొట్టె సినిమా తెరలా ఉంటుంది," అన్నాడు.

"మూడింతలు ఒక్కసారిగా పడితే ఇవి బతకవు తమ్ముడూ. కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. తగ్గించే మీటేమన్నా ఉందా?"

"ఉంది. కానీ తిప్పకూడదంట."

చూస్తే నిజమే. దీపం పక్కన చక్కటి గుండ్రటి మీట, దాని చుట్టూ లక్క, లక్క మీద ముద్ర, ముద్ర మీద పొట్టి సంతకం. తిప్పడానికి వీలైన మీట ఉంటే ఎవరో ఒకరు తిప్పే అవకాశం ఉందని విద్యుత్ విభాగం ముందుచూపుతో దాన్ని నూటికి నూరు దగ్గర బిగించి సీలు వేసింది. సీలు తీయాలంటే వేసినవారే రావాలి. వేసినవారు పోయిన నెలలో రిటైరయ్యారు.

పగడం బతుకు తెలియనివారి కోసం ఒక్క ముక్క. పగడం ఒంట్లో కంటికి కనబడనంత నాచు కాపురం ఉంటుంది. వెలుతురుతో వంట చేసి పగడానికి పెట్టేది ఆ నాచే. వెలుతురు ఉన్నట్టుండి పెరిగితే వంటిల్లు అంటుకున్నట్టవుతుంది. అప్పుడు పగడం కంగారుపడి వంటమనిషిని ఇంట్లోంచి గెంటేసి, రంగంతా పోగొట్టుకుని, తెల్లగా పాలిపోయి పస్తులుంటుంది. అందుకే కొత్త దీపం పెట్టినప్పుడు వారానికి కొంచెం చొప్పున రెండు నెలలపాటు పెంచుకుంటూ పోవాలి.

ఆ సాయంత్రం చేపలావిడ ఇంటికి వెళ్లేసరికి అత్తగారు నల్లద్దాలు పెట్టుకుని టీవీ చూస్తోంది. కంట్లో శుక్లం తీయించుకుని నాలుగు రోజులైంది.

"వెలుగు ఒక్కసారిగా చూడొద్దన్నాడమ్మాయ్ డాక్టరు. రోజూ కాసేపు, కాసేపు అన్నాడు. మీ ఆఫీసులో డాక్టరు లేడా?" అంది సంగతంతా విని.

"కళ్లద్దాలు పెట్టడానికి వాటికి ముక్కు లేదు అత్తయ్యా."

"ముక్కు లేకపోతే ముసుగెయ్యి."

ఆ మాటతో ఆవిడకు దారి దొరికింది. కిటికీలకు కొట్టగా మిగిలిన దోమల జాలీ స్టోరు మూలన చుట్ట చుట్టి ఉంది. మర్నాడు పొద్దున్నే దాన్ని ఎనిమిది ముక్కలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి తొట్టెకూ దీపానికీ మధ్య పరిచింది. వారానికి ఒక పొర తీసేస్తే ఎనిమిది వారాల్లో పగడాలు పూర్తి వెలుతురుకు అలవాటు పడతాయి. ఇంత తేలికైన పని ప్రభుత్వ భవనంలో జరిగిపోయినందుకు ఆవిడకే కాస్త అనుమానం వేసింది.

ఆ అనుమానం పదిన్నరకు స్టాకు రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చింది. వచ్చినవారు పెద్ద గుమాస్తాగారు. ముప్ఫై రెండేళ్ల సర్వీసు, మూడు రంగుల సిరా, ఏ కాగితాన్నీ ఇంతవరకు తొందరపెట్టి ఎరగని మనిషి.

"ఇవేంటమ్మా?"

"దోమల మెష్ అండి. వారానికొకటి తీసేస్తాను."

"పెట్టేటప్పుడు పెట్టేశారు, సరే. తీయడం మాత్రం మీ చేతుల్లో లేదమ్మా. తొట్టె మీద పెట్టారంటే అది తొట్టెలో భాగం. తొట్టె భవనంలో భాగం. అంటే మీరు వారానికి కొంచెం చొప్పున భవనాన్ని విప్పుతానంటున్నారు."

ఆయన ఎనిమిది పొరలకూ ఎనిమిది నంబర్లు వేసి రిజిస్టరులోకి ఎక్కించారు. నంబరు పడ్డ వస్తువును కదపాలంటే ఏడో నంబరు ఫారం నింపాలి. ఎనిమిది వస్తువులు కాబట్టి ఎనిమిది ఫారాలు, ఎనిమిది ఫైళ్లు. ఫారాల స్టాకు అయిపోవస్తోందని ఎనిమిదీ ఆ పూటే నింపించి కంప్యూటరులోకి ఎక్కించారు. "కంగారేం లేదు, నేను ఒక్కోటే కదుపుతాను," అని భరోసా ఇచ్చారు.

ఫారంలో పద్నాలుగో గడి: లబ్ధిదారు వేలిముద్ర. చేపలావిడ తొట్టె వైపు చూసింది. వేళ్లకు కొదవలేదు గానీ ముద్ర పడేవి కావు. పెద్ద గుమాస్తాగారు కాసేపు ఆలోచించి, "లబ్ధిదారు నీటిలో ఉన్నందున మినహాయించడమైనది" అని ఆకుపచ్చ సిరాతో రాశారు.

మొదటి ఫైలు ఏడు బల్లల మీదుగా నడిచింది. ఒక బల్ల దగ్గర ఇది ఎన్నో పొర అని అడిగారు. ఇంకో బల్ల దగ్గర, జాలీ తీస్తే వచ్చే అదనపు వెలుతురుకు బాధ్యులెవరని అడిగారు. మరో బల్ల దగ్గర ఏమీ అడగలేదు, ఆ బల్లవారు సెలవులో ఉన్నారు. ఎనిమిదో రోజున అనుమతి వచ్చింది. ఒక పొర తీశారు. రెండో ఫైలుకు సరిగ్గా ఏడు రోజులు పట్టింది.

రెండో పొర తీసిన మధ్యాహ్నం చేపలావిడ తొట్టె ముందు నిలబడి చాలాసేపు చూసింది. పెద్దమ్మాయి వేళ్లన్నీ చాపి, రంగు చెడకుండా, హాయిగా ఉంది. పగడానికి ఎంత ఆలస్యం కావాలో ఈ ఆఫీసు సరిగ్గా అంతే ఆలస్యం చేస్తోంది. ఈ సంగతి పెద్ద గుమాస్తాగారికి చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ముప్ఫై రెండేళ్లలో నా ఆలస్యం వల్ల ఒక ప్రాణి బాగుపడటం ఇదే మొదటిసారమ్మా," అన్నారు.

ఈ ఆనందం మూడో వారం దాటలేదు. అప్పుడే జాప్యనిర్మూలనాధికారి వచ్చారు. పదవి కొత్తది, ఆయనా కొత్తవారే, చేతిలో యాప్ ఇంకా కొత్తది. వస్తూనే టోకెన్ బోర్డు పైన ఇంకో బోర్డు పెట్టించారు. దాని మీద పెండింగులో ఉన్న ఫైళ్ల సంఖ్య ఎర్రగా వెలుగుతుంది: 4,812. ఆ అంకె ఈ వారంలోనే సున్నా అయి తీరాలని ఆయన ప్రతిజ్ఞ చేసి, సిబ్బంది చేత కూడా చేయించారు. (ప్రతిజ్ఞ ఫారాల నకళ్లు తీయడం కోసం ఒక పూట పని ఆపారు.)

బుధవారం పదకొండు గంటల పది నిమిషాలకు ఆయన ఫోను మీద బొటనవేలితో ఒకసారి నొక్కారు. నాలుగువేల ఎనిమిది వందల పన్నెండు ఫైళ్లు ఒక్కసారిగా ఆమోదం పొందాయి. బోర్డు మీద సున్నా వెలిగింది. మందిరంలో జనం చప్పట్లు కొట్టారు. వాళ్లందరికీ పని పూర్తయిందని ఫోన్లకు సందేశాలొచ్చాయి. పని మాత్రం ఎవరికీ పూర్తి కాలేదు, దానికోసం మళ్లీ టోకెన్ తీసుకున్నారు.

ఆ నాలుగువేల ఎనిమిది వందల చిల్లరలో మిగిలిన ఆరు జాలీల ఫైళ్లు కూడా ఉన్నాయి. పావుగంటలో అమలు బృందం వచ్చి ఆరు పొరలూ ఊడబీకి, ముందూ వెనకా ఫోటోలు తీసి, జాలీలను రిజిస్టరులో కొట్టేయించి, పట్టుకుపోయింది. పెద్ద గుమాస్తాగారు అడ్డం నిలబడ్డారట. ఆయన్నూ ఫోటో తీశారు.

చేపలావిడ ఆ పూట అత్తగారిని కంటి పరీక్షకు తీసుకెళ్లి సెలవులో ఉంది. మధ్యాహ్నం వచ్చేసరికి తొట్టె ధగధగలాడుతోంది. ఆవిడ బ్యాగు కింద పడేసి, కుర్చీల మీద కప్పే దుప్పటి లాక్కొచ్చి తొట్టె మీద పరిచింది. గంటలో దుప్పటి తీసేసి, అనధికారికంగా చీకటి కల్పించినందుకు ఆవిడకు మెమో ఇచ్చారు. పెద్దమ్మాయిని కింది రాతి నీడలోకి దించుదామంటే, పదకొండేళ్లుగా రాతిని పట్టి పెరిగినది, కదిపితే విరుగుతుంది.

శుక్రవారానికి పెద్దమ్మాయి పాలిపోయింది. సోమవారానికి సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మిగతా మూడూ దాని నీడలో ఉండబట్టి వాటికేమీ కాలేదు. తెల్లబడ్డ పగడం చచ్చినట్టు కాదు, పస్తున్నట్టు. నాలుగైదు వారాల్లోగా నీడ దొరికితే వెళ్లిపోయిన నాచు మళ్లీ వచ్చి చేరుతుంది, దొరక్కపోతే అంతే. ఆవిడ పొద్దున అత్తగారి కళ్లలో చుక్కలమందు వేసి వచ్చి, మధ్యాహ్నం అలాంటి డ్రాపరుతోనే పెద్దమ్మాయికి మేత పట్టడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ సమయంలో అధికారిగారు తనిఖీకి వచ్చారు. తొట్టె ముందు ఆగి, చాలా సేపు మెచ్చుకోలుగా చూశారు.

"ఎంత శుభ్రంగా ఉంది. ఏం వాడారమ్మా?"

"వెలుతురండి," అంది చేపలావిడ.

"చూశారా, ఒక్క వారంలో ఎంత మార్పో. మరి ఈ మూడూ ఎందుకిలా మురికిగా ఉన్నాయి?"

"అవి బాగున్నాయండి. తెల్లగా ఉన్నదానికే బాగోలేదు. అది చావుబతుకుల్లో ఉంది సార్."

అధికారిగారు నవ్వారు. కిందిస్థాయి సిబ్బంది వినయం ఆయనకు ముచ్చటగా ఉంటుంది. మర్నాటికల్లా రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది, తొట్టెలో ఆదర్శవంతమైన తెల్లదనం సాధించినందుకు ప్రశంసాపత్రం, అద్దం బిగించినది. రెండోది, మిగతా మూడు పగడాలు ఇంకా గోధుమరంగులోనే ఉన్నందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో.

జాలీలు తిరిగి పరచడానికి అనుమతి కోరుతూ ఆవిడ దరఖాస్తు పెట్టింది. సున్నా ప్రతిజ్ఞ పుణ్యమా అని నలభై సెకన్లలో తిరస్కరించారు. ఇంకోటి పెట్టింది. అది ముప్ఫై ఒక్క సెకన్లకే తిరిగొచ్చింది. మూడోది పంపిందో లేదో తేల్చుకునేలోపే వచ్చేసింది.

ఇంటికి వెళ్లి అత్తగారి పక్కన కూలబడింది. ప్రశంసాపత్రం ఇంకా చేతిలోనే ఉంది.

"పదకొండేళ్లు పెంచాను అత్తయ్యా. ఇంకో నెలలో పోతుంది. పోతే దానికి కూడా బహుమతి ఇస్తారు."

అత్తగారు నల్లద్దాల మీంచి కోడలి ముఖంలోకి చూసింది.

"వాళ్లకేం కావాలి?"

"మిగతా మూడూ తెల్లబడాలంట."

"అయితే తెల్లబరుస్తానని రాయి."

"అయ్యో, అత్తయ్యా."

"నేను చెప్పేది పూర్తిగా విను. తెల్లబరచడానికి జాలీలు కావాలని రాయి. వాళ్లకి తెలుపెందుకొస్తుందో తెలుసా? తెలియదు. మరి దేనికేం కావాలో నువ్వు చెప్పిందే కదా వేదం. ముసుగేసి వారానికొకటి తియ్యి. నాకు నల్లద్దాలు రాసినాయన కూడా చదివి చెప్పలేని అక్షరాలే రాశాడు, నేను నమ్మలేదా?"

మర్నాడు ఆవిడ జీవితంలో ఎప్పుడూ రాయనంత అందంగా ఒక దరఖాస్తు రాసింది. విషయం: మిగిలిన పగడాల సంపూర్ణ తెల్లదన పథకం. దీని నిమిత్తం తొట్టెను ఎనిమిది పొరల జాలీతో కప్పి, వారానికి ఒక పొర చొప్పున తొలగించవలసి ఉన్నది. దీపాలు రోజుకు ఐదు గంటలు మాత్రమే వెలిగించవలెను. తెల్లదనం బయటి గాలికి చెడిపోకుండా తొట్టె చుట్టూ పరదా కట్టవలెను. పథకం పూర్తయ్యేవరకు ఎవరూ తొంగిచూడరాదు. పద్నాలుగో గడి దగ్గర పెద్ద గుమాస్తాగారు మళ్లీ ఆకుపచ్చ సిరా తీశారు. ఇరవై రెండు సెకన్లలో అనుమతి వచ్చింది, దాంతోపాటు ఒక అభినందన సందేశం కూడా.

పరదా వెనక ఎనిమిది వారాలు గడిచాయి. మూడు వారాల వరకు పెద్దమ్మాయిలో కదలిక లేదు. చేపలావిడ రోజూ మేత పట్టేది, రోజూ వెతుకులాడేది, రోజూ దిగులుగా ఇంటికి పోయేది. నాలుగో వారం మంగళవారం అంచున ఒకచోట, టీ మరక లాంటి లేత గోధుమరంగు కనబడింది. ఆవిడ పరదా వెనకే కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చింది. టోకెన్ రాక ఎవరో ఏడుస్తున్నారనుకుని బయట జనం పట్టించుకోలేదు.

తొమ్మిదో వారం ఆవిష్కరణ. అధికారిగారు, ఆయన వెంట ముగ్గురు, వాళ్ల వెంట ఫోటోగ్రాఫరు. పరదా లాగారు. లోపల నాలుగు పగడాలు, నాలుగూ నిండు గోధుమరంగులో, పచ్చటి చుక్కలతో, మూడింతల వెలుతురు కింద నిక్షేపంగా వేళ్లు చాపి ఊపుతున్నాయి. మందిరంలో కూర్చున్న ఒక చంటిపిల్ల వాటిని చూసి తిరిగి చెయ్యి ఊపింది. ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు.

"తెల్లగా ఉన్నది కూడా మురికి పట్టిందే," అన్నారు అధికారిగారు.

"బతికిందండి," అంది చేపలావిడ.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ప్రశంసాపత్రం వెనక్కి తీసుకున్నారు, అద్దంతో సహా. నాలుగు పగడాలనూ పనికిరాని వస్తువులుగా ప్రకటించి, తొలగించే నిమిత్తం ఫైలును తొలగింపుల కమిటీకి పంపారు. ఆ కమిటీలో ఐదుగురు సభ్యులు. ముగ్గురు రిటైరయ్యారు, ఒకరు బదిలీ మీద వెళ్లారు, మిగిలిన ఒకరు పెద్ద గుమాస్తాగారు. ఒక్కరితో సమావేశం చెల్లదు కాబట్టి తొమ్మిదేళ్లుగా అది సమావేశం కాలేదు. కమిటీకి పంపిన ఫైలు పెండింగు కిందికి రాదు, పరిష్కారం కిందికి వస్తుంది. కాబట్టి బోర్డు మీద సున్నా సున్నాగానే ఉంది, దాన్ని చూపించి అధికారిగారు పదోన్నతి మీద పై భవనానికి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ పక్కనే ఇంకో తొట్టె పెట్టించి, అందులో తెల్లటి పింగాణీ పగడాలు అమర్పించారు.

ఇప్పుడు మందిరంలో రెండు తొట్టెలు, రెంటికీ చేపలావిడే దిక్కు. కాగితాల్లో మాత్రం ఆవిడ హోదా పనికిరాని వస్తువుల సంరక్షకురాలు. పింగాణీ తొట్టెలో నీళ్లు లేవు, అవసరం లేదన్నారు. దాని ముందు జనం వరసకట్టి ఫోటోలు దిగుతారు. పాత తొట్టె అద్దం మీద ఎర్ర అక్షరాలతో "పనికిరాదు" అని చీటీ అంటించి ఉంది. దాని వెనక పెద్దమ్మాయి ఈ మధ్య రెండు వేళ్ల వెడల్పు పెరిగింది. టోకెన్ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరిగేవాళ్లలో రోజుకొకరైనా ఆగి, "ఈ రెంటిలో ప్రాణమున్నవి ఏవండీ?" అని అడుగుతారు.

"పనికిరాదని రాసుంది చూడండి, అవి," అంటుంది చేపలావిడ.